గాలి నిండేదాకా

మార్కెట్ యార్డుల వడ్ల కుప్పలు లేచినయి.
మూడు నెలలు టార్పాలిన్ల కింద పడుకున్న మా కోర్టు
పందిరి పీకిన పెండ్లింటి వాకిలి లెక్క
గుంతలు గుంతలుగ బయటపడ్డది.
వనపర్తిల చలి పోయిందని ఎవరూ చెప్పలే.
నాలుగింటి డ్యూటీకి పోతుంటే
మఫ్లర్ మెడకు బరువనిపించింది, అంతే.

పోయినేడు ఇదే దినం
కొల్లాపూర్ ట్రిప్పు దింపి, కాకీ చొక్కా విప్పి,
చెప్పులు ఎటో, నేను ఎటో.
ఊశన్న లేపిన మొదటి బాల్‌కే
ఎగిరిన.
గాలిల ఉన్నంతసేపు నలభై మూడేండ్లు నన్ను పట్టుకోలే.
కిందికొచ్చినంక పట్టుకున్నయి.

మడమ వెనక ఫట్టుమన్నది.
ఎవడో రాయేసిండనుకున్న.
మర్రి చూసి "ఎవడ్రా తన్నింది?" అని
ఊశన్న తాతల కాడికి పోయి తిట్టిన.
వెనక ఎవరూ లేరు.
నెట్టు పక్కన ఖలీల్ నోట్ల ఈల
సగం ఊది ఆగిపోయింది.

పాలమూరు డాక్టరు చీటీ మీద బొమ్మ గీసిండు.
పిక్క, మడమ, నడుమ తెగిన తాడు.
"కార్తీకం నుంచి కూసున్న కాలును
ఒక్కపారి ఎగురుమంటే ఎట్లెగురుతది?" అన్నడు.
నవ్వొచ్చింది నాకు, ఆ నొప్పిల.
ఇరవై ఏండ్లసంది బస్సు నడుపుతున్న.
చలి పొద్దుల ఇంజన్ చాలు చేసి
బ్రేకుల గాలి నిండి సూది పైకొచ్చేదాకా
గేరు ముట్టను.
ఇనుముకిచ్చిన పది నిమిషాలు
నా నెత్తురుకు ఇయ్యలే.

ఐదు నెలలు డిపోల స్టూలెక్కి
పిల్లల పాసుల మీద ముద్రలేసిన.
ఎడమ కాలది. క్లచ్ కాలు.

ఈయేడు అందరికంటె గంట ముందొస్తున్న.
ముందుగాల చీపురు.
మిగిలిపోయిన వడ్లగింజలు
కంటికి బంగారం, కాలికింద బేరింగు గోలీలు.
టార్పాలిన్ మేకులు దిగిన బొందల్ల
తట్టెడు మొరం.
ఇగ కోర్టు చుట్టు నడక.
ఆ నడక దానంతటదే ఉరుకుడయ్యేదాకా నడక.
హమాలీలు బస్తా దించే అరుగు అంచుకు
మునివేళ్ల మీద నిలబడి
మడమలు లేపుడు, దించుడు,
కాంటా ముల్లు కుదురుకున్నంత మెల్లగ.
పదిహేను. మళ్ల పదిహేను.

ఇంటర్ పోరగాండ్లు గేటు కాడ నిలబడి
"కాకా ఎవరికి మొక్కుతుండు?" అంటరు.
పిక్కకు, బిడ్డా.

వాండ్లల్ల కురుమూర్తి అని ఒకడు.
బండి స్టాండేసుడు, స్మాష్ కొట్టుడు
రెండూ ఒకటే పని వానికి.
అడుగు నున్నగైన బూట్లు, అన్నవో ఎవరివో.
జర ఉరుకు, భుజం తిప్పుకో అన్న.
"చలి పోయింది గద కాకా" అన్నడు.
ఆకాశంల పోయింది.
ఒంట్ల ఉన్నదో పోయిందో
ఆకాశాన్ని అడిగితె ఎట్ల తెలుస్తది?
ఇదంత వానికి చెప్పలే.
నాకు చెప్పినా పోయినేడు వినేటోన్ని కాదు.

నిన్న ఊశన్న లేపిండు ఒకటి.
నెట్టు మీద జానెడెత్తున
ఎవరో పట్టుకొని నిలబెట్టినట్టు.
"కొట్టు!" అన్నది యార్డంత.
నా మోకాళ్లు నన్నడగకుండనే వంగినయి.
ఇంకా నాలుగో దినమే.
రెండు చేతులతోని మెత్తగ అవతలికి తోసిన.
వాండ్లు తెచ్చి మా నెత్తిన కొట్టిన్రు.
ఖలీల్ ఈల ఊదిండు, ఈసారి నిండుగ.
ఊశన్న రెండు నిమిషాలు నా మొకం చూడలే.

ఇయ్యాల మొదటి ట్రిప్పు.
ఎడమ కాలు క్లచ్ మీద ఆనించి చూసుకున్న.
పెబ్బేరు సంతకు పోయే పల్లీల గంపామె
వెనకనుంచి అరుస్తున్నది,
"ఏం డ్రైవరూ, తెల్లారినంక కదిలిస్తవా?"

కూసో అవ్వా.
సూది ఇంకా పైకి రాలే.