లెక్కకు రాని జేబు

ట్రంకురోడ్డులో సైకిళ్ళ కొట్టు మీద మేడ.
మెట్లు పదహారు, పదకొండోది విరిగింది.
నెలకు రెండో ఆదివారం పొద్దుగూకే వేళకి
నెల్లూరు గారడీవాళ్ళంతా ఆడికి చేరతారు.
బోర్డు లేదు. తలుపు మీద సుద్దతో గీసిన
ఇస్పేటు ఆసు. అంతే.

నేను సభ్యురాల్ని కాను.
వాళ్ళ జమాఖర్చుల పుస్తకంలో నా పేరు
'దారం, గుండీలు, వగైరా'.

స్టోన్‌హౌస్‌పేటలో నాది జాకెట్ల మిషను.
పగలంతా పెళ్ళిళ్ళ జాకెట్లు, చీరలకి ఫాల్సు.
రాత్రి పదిన్నర దాటితే షట్టరు సగం దించి
దొంగజేబులు కుడతా.

మస్తాను కోటుకి తొమ్మిది.
ఎడమ చంక కింద గుడ్డుకొకటి
(ఉడకబెట్టిన గుడ్డే. పచ్చిది ఒకసారి పగిలింది,
ఆ మరక ఇంకా నా బల్ల మీద ఉండాది).
వీపు వెనక పావురానికి మల్లుగుడ్డ సంచి,
దానికి ఊపిరాడాలని నాలుగు కాజాలు తీశా.
ప్రభుదాసు మాస్టారికి ఆరు, అన్నీ రూపాయి బిళ్ళంత.
రొయ్యల మేత అమ్మే చెంచురామయ్యకి పదకొండు.
ఆయన చెయ్యి పెద్దది,
మాయ చిన్నది.

ఈ లెక్కలు మా ఆయనక్కూడా చెప్పలా.
కొలతల పుస్తకంలో
'జాకెట్టు, మోచేతి దాకా' అని రాసుకుంటా.

గుట్టంతా తెలిసినదానివి, ఇంక చూసేదేముందే
అంటుంది మా తోడికోడలు.
పులుసు కాచినదానికి ముల్లెక్కడుందో తెలుసు,
తినడం మానుకుంటుందా?

చివరి వరసలో కూచుంటా. ముక్కలు ఎగిరిపోతాయని
ఫ్యాను కట్టేస్తారు. చెమటలు కారుతుంటాయి.
మస్తాను చెయ్యి చంక వైపు పోతుంది.
నా కుట్టు నిలబడాల, పెంచలకోన స్వామీ, అనుకుంటా.
గుడ్డు బయటికొస్తుంది.
అందరికన్నా ముందు 'అబ్బ!' అనేది నేనే.
వాళ్ళు మాత్రం అనరు. టీ గ్లాసులు దించి
'బొటనవేలు కనపడింది భాయ్' అంటారు,
మిరపకాయ బజ్జీ కొరికి మళ్ళీ చెయ్యమంటారు,
నాలుగోసారికి ఎవరికీ కనపడదు.
అప్పుడు వాళ్ళ మొహాలు చూడాల,
బడి ఎగ్గొట్టిన పిల్లోళ్ళ మొహాలు.

మాలకొండయ్య కందుకూరు బస్సులో వస్తాడు.
కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి,
ఇంకా చిల్లర ఎంచినట్టే మాట్లాడతాడు.
మూడు జేబులు చాలన్నాడు.
'నాలుగోది ఉంటే చేతికి బద్ధకం, తల్లే.'

పోయిన కార్తీకంలో టౌన్‌హాల్లో వాళ్ళ వార్షికోత్సవం.
బయట తుపాను వాన, లోపల ముప్పై ఎనిమిది మందిమి.
ముందు వరసలో చిన్నపిల్ల పదిరూపాయల నోటిచ్చింది,
మీద పెన్సిలుతో పిల్లిబొమ్మ గీసి.
మాలకొండయ్య దాన్ని అగ్గిపుల్లతో కాల్చి
బూడిద ఊదేశాడు. ఏడుపు మొహం పెట్టింది పిల్ల.
కోటులోంచి గూడూరు నిమ్మకాయ తీశాడు, కోశాడు:
నోటు, పిల్లి, పులుపు కారుతూ.

అది కుడిజేబు. నాకు తెలుసు.
రెండో కాయ ఎడమది.
మూడోది లోపలిది, నడుం దగ్గర.
నాలుగోది తీశాడు.

నేను కుర్చీలో ముందుకి జరిగా.
ఐదు. ఆరు. ఏడోదానికి ఆకు కూడా ఉండాది,
అప్పుడే చెట్టున తెంపినట్టు పచ్చగా.
అందరూ చప్పట్లు కొడుతుంటే
నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నా.
దిగొచ్చి, ఆకున్న కాయ
నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

పోయిన వారం ఆ కోటు నా దగ్గరికే వచ్చింది.
కాలరు చిరిగింది.
రాత్రి పదకొండున్నర. లైటు కింద కోటు,
చేతిలో కుట్లిప్పే బ్లేడు.
కాలరు మాత్రమే కుట్టి, ముప్పై రూపాయలని చీటీ గుచ్చి,
లోపల తడమకుండా మడత పెట్టేశా.

అబద్ధం.
ఒక్కసారి తడిమా.
మూడే.

ఆ నిమ్మకాయేదీ అంటారా?
ముక్కలు కోసి ఊరగాయలో వేశా.
జాడీలో అదేదో, అంగట్లో కొన్నవేవో
ఇప్పుడు నాక్కూడా తెలీదు.