పదిహేను గురివిందలు

గుణుపురం సంతవీధిలో
మా తాత లక్కోజు సింహాద్రాచారి తూనికరాళ్ళ పెట్టె.
పావుతులం, అరతులం,
తులం ఉండాల్సిన గుంటలో
ఓ పెద్ద రాగిబిళ్ళ.

దాని మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి.
"దొరసాన్లు కొప్పెట్టుకుంతారు గదా,
ఈయమ్మకెవులు సచ్చిపోనారో" అనేది నాయనమ్మ.
శుక్రవారం పసుపు పెట్టడం మాత్రం మానలేదు.
వెనక్కి తిప్పితే గొలుసు.
మొలతాడని నేను,
పశువు పలుపని మా తమ్ముడు.

నిరుడు బరంపురం నుంచి ఒకాయన భూతద్దంతో వచ్చాడు.
అమెరికా టంకశాల తెరిచిన కొత్తలో పోసిన సెంటు ఇది, అన్నాడు.
రాజు తల వద్దనుకుని
స్వేచ్ఛ అనే మాటకి ముఖం చెక్కారట.
చోటు చాలదేమోనని దేశం పేరుని
'అమెరి' దగ్గరే చుక్క పెట్టి ఆపేశారట.
గొలుసులో కళ్ళు పదిహేను, రాష్ట్రాలు పదిహేను,
ఒకదాన్నొకటి వదలకూడదని.
చూసినవాళ్ళు సంకెల అనుకున్నారు.
మనుషుల్ని కొని అమ్ముతున్న రోజులు మరి,
సంకెలంటే ఏమిటో అందరికీ తెలుసు.
వారాల్లోనే గొలుసు తీసేసి ఆకుల దండ వేశారు.
తియ్యకముందుదొకటి
ఏ ఓడలోనో, ఏ కళింగపట్నం రేవులోనో,
ఎవడి మొలముడిలోనో
ఇక్కడిదాకా.
అది ఆయనకీ తెలీదు.

ధర చెప్పాడు. నేను వినడం లేదు,
తూకం వేస్తున్నాను.
తులానికి తొంభైయారు గురివిందలు.
బిళ్ళకి ఎదురుగా పోస్తూ పోతే
నూటపదకొండు దగ్గర ముల్లు నిలబడింది.

పదిహేను.

సవరలు కొండ దిగి వచ్చి
కడియాలూ కంటెలూ అమ్ముకున్న ప్రతి గురువారం
తులానికి పదిహేను.
తాత అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు.
ఒక గింజని తిరగేసి చూశాను.
కింద నలుపు.

మొన్న సంతకి సొంబారి గొమాంగో మనవరాలు
ముత్తవ్వ మురుగొకటి తెచ్చింది, సన్నటిది.
కరెంటు కాటా పక్కకి జరిపి
తాత త్రాసే దించాను.
ఇటు బిళ్ళ.
అటు మురుగు కంటే ముందు
పదిహేను గింజలు లెక్కపెట్టి వేశాను.
"అవెందుకు?" అంది.
"మీ ముత్తవ్వవి" అన్నాను,
అంతకంటే నోరు తిరగలేదు.

ఆ పిల్ల నవ్వి
డబ్బుతో పాటు గింజలు కూడా ఊడ్చి
చున్నీ కొసన ముడేసుకుంది.
ఇవతలి పళ్ళెం టక్కున బల్లకి కొట్టుకుంది.
జుట్టు విరబోసుకున్నామె బోర్లా పడింది,
గొలుసు పైకి.