చిల్లర

త్బిలిసీలో మా లిఫ్టుకి ఆకలెక్కువ.
పది తెత్రీల బిళ్ళ మింగితేగాని కదలదు.
దిగేటప్పుడు మాత్రం అడగదు,
ఆపాటి మర్యాద ఉంది.

నా దగ్గర చిల్లరుండటం మానేసి చాన్నాళ్ళయింది.
రొట్టె, మెట్రో, ఆఖరికి కొత్తిమీర కట్ట
ఫోన్ చూపిస్తే వచ్చేస్తున్నాయి.

నిన్న పుచ్చకాయ చంకలో పెట్టుకుని
జేబులు తడుముకుంటుంటే
ఎనిమిదో అంతస్తు త్సియాలా వచ్చింది.
ఆవిడ దుప్పటి నీళ్ళు
నా ఆరిన బట్టలమీద కారినప్పట్నుంచీ,
అంటే మార్చి నుంచీ,
మాటల్లేవు మాకు.

ఏమీ అనకుండా బిళ్ళ వేసింది.
వెలిగే అంకెలకేసే చూస్తూ నిలబడ్డాం
పరీక్ష ఫలితాలేవో వస్తున్నట్టు.

ఆరులో దిగాను.
తలుపులు మూసుకుంటుండగా
"పండిందా?" అంది.
కాయ గురించే అనుకుంటాను.

ఇవాళ సగం కోసి పైకి పట్టుకెళ్ళాలి.
మెట్లెక్కే వెళ్తాను,
చిల్లర ఇంకా దొరకలేదు.