డెబ్బై రెండు వారాల తర్వాత

తాసిల్దారుకి ఈ పూట కాలు బాగా వాచింది.
సత్తు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు.
నా ఒళ్ళో అది, గిన్నెలో దాని కాలు.
పొర కమ్మిన కన్ను అటు తిప్పి
చూపున్న కన్నుతో నన్ను తనిఖీ చేస్తోంది.

ఆ పేరు అందుకే పెట్టాను.
వచ్చిన మొదటిరోజే
బియ్యం డబ్బా, గ్యాసుబండ, మంచం కింద చెప్పులు
ఒక్కొక్కటీ పొడిచి చూసి
ఏదీ నచ్చనట్టు
గడప మీద రెట్ట వేసి వెళ్ళింది.

అనపర్తి అవతల మా లేయర్ షెడ్డులో
దీనికి పేరు లేదు.
మూడో షెడ్డు, రెండో వరస, కింది అర.
రోజుకో గుడ్డు దొర్లించి
డెబ్బై రెండో వారానికి లారీ ఎక్కాలి.
ఎక్కిస్తుంటే కాలు ఊచల్లో ఇరుక్కుంది.
"కుంటిదాన్ని లెక్కలో రాయన్లే, పట్టుకెళ్ళి వండుకో"
అన్నాడు సూపర్‌వైజర్ బులిరెడ్డి.

టిఫిన్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.
దారిలో మసాలా కూడా కొన్నాను, అబద్ధమెందుకు.
తుల్యభాగ వంతెన మీద
సంచిలోంచి తల బయటపెట్టి
ఎదురుగాలిని
అదేదో మేత అనుకుని
కోసిన ముక్కుతో అందుకోబోయింది.
రెట్ట కంపు లేని గాలి దానికదే మొదటిది.

మసాలా వంకాయలోకి వాడాను.

ఇప్పుడు దానికి రెండొందల అరవై వారాలు.
గుడ్డు మానేసి ఏడాది దాటింది.
చివరిది తోలుగుడ్డు.
పెంకు లేకుండా
అరచేతిలో వెచ్చగా వణికింది.
తినబుద్ధి కాలేదు, పారెయ్యబుద్ధీ కాలేదు.
అరటిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పెట్టాను.

నాకూ ఆగిపోయింది ఆ వేసంగిలోనే.
ఒంట్లోంచి ఆవిర్లు తన్నుకొచ్చి
నడిరాత్రి లేచి వాకిట్లోకొస్తే
అదీ లేచి వచ్చేది.
ఇద్దరం నోళ్ళు తెరుచుకుని
రెక్కలు దూరంగా పెట్టుకుని
గాలి కోసం కూచునేవాళ్ళం.

"ఇంకో ఏడాదైతే ముదిరిపోయి కూరక్కూడా పనికిరాదే,
నూకలు దండగ" అంటుంది పక్కింటి మంగాయమ్మ.
మొన్న అది రెండు పూటలు మేత ముట్టకపోతే
తన జొరానికి కాచుకున్న జావలో కాస్త
కొబ్బరిచిప్పలో పోసి
గూటి ముందు పెట్టి పోయింది.
నేను చూళ్ళేదనుకుంది.

పశువులాసుపత్రిలో గేదెల వరసలో నించున్నాను.
కాంపౌండర్ జకరయ్య గోరు చీటీ తీశారు.
"పేరు?"
"తాసిల్దారండి."
"కోడి పేరు కాదమ్మా, నీ పేరు."
చెప్పాను.
నవ్వలేదాయన. రెండూ రాసుకున్నారు.

సూది తీసేసిన సిరంజితో
ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా పట్టాలి.
తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట.
రెక్క కింద పేలకి వేపనూనె.
వాపు పగిలితే పసుపు.
"ముసలిదానికి ఇంతకన్నా ఏం లేదమ్మా,
నొప్పి లేకుండా చూసుకో" అన్నారు.
ఎలా చూసుకోవాలో అది చెప్పదు కదా.
నొప్పి ఎక్కువైనప్పుడే
మరీ హుందాగా నిలబడుతుంది,
ఎవరో ఫైలు పట్టుకొస్తారన్నట్టు.

రేపు తెల్లారి నాలుగింటికి
రెండో షెడ్డు ఖాళీ చెయ్యాలి.
ఎనిమిది వేలు.
కాళ్ళు పట్టుకుని, తలకిందులుగా
చేతికి నాలుగేసి.
ఆ చేతులే ఇవి.
వేళ్ళ సందుల్లో గీతలు చూసుకుంటాను.
పని మానెయ్యొచ్చు కదా అంటావేమో.
మందుల చీటీ బల్ల మీదే ఉంది, నూకల బాకీ కూడా.

కాలు తుడిచి మెత్తటి గుడ్డ చుడుతుంటే
మెయిన్‌రోడ్డు మీద ఏదో లారీ గేరు మార్చింది.
తాసిల్దారు మెడ లోపలికి లాక్కుని
నా మోచేతి కిందకి దూరిపోయింది,
ఇన్నేళ్ళ తర్వాత కూడా.

చప్పుడు కాలవ దాటేదాకా కదల్లేదు నేను.
ఆనక ఒంటిచేత్తోనే
ఇంకో చెంబు నీళ్ళు పొయ్యి మీద పెట్టాను.