ఊచ

కొండను తవ్వి ఎలుకను పట్టానని
మా ఆయన ప్రతి సెప్టెంబరులో నవ్వుతాడు.
నవ్వనీ.
ఎలుక కూడా దొరకని ఏళ్లున్నాయి,
అవి ఆయనకు చెప్పలేదు.

వారమంతా రోప్‌వే స్టేషన్లో టిక్కెట్లు చింపుతాను.
ఆదివారం తెల్లారకముందే
రొట్టె, జున్ను, సుత్తి, పాత పేపర్ల కట్ట
వీపున వేసుకుని
మంచునది వదిలేసి పోయిన చోటికి ఎక్కుతాను.
నా చిన్నప్పుడు అక్కడ రెండు నిలువుల మంచు.
ఇప్పుడు బురద, నీటి చప్పుడు,
వెలుగుకి ఇంకా కళ్లు చికిలిస్తున్న రాయి.

రాయిని చదవడం పెదనాన్న ప్లాట్సి నేర్పాడు.
"తెల్లటి పట్టీ వెతుకు.
పట్టీ ఉబ్బిన చోట కడుపుంటుంది.
పక్కన రాయి పుచ్చి తొర్రలు పడితే
గొంతు తగ్గించి మాట్లాడు."
ఎందుకో చెప్పలేదు. నేనడగలేదు.
ఒక్కదాన్నే ఉన్నా ఇప్పటికీ తగ్గిస్తాను.

ఆ రోజు పట్టీ ఉబ్బింది.
చెయ్యి పట్టేంత సందు.
మోచేతిదాకా దూర్చాను.
లోపల ఆకుపచ్చ ఇసుక,
తడిపిన సున్నిపిండిలా, ఎముక కొరికే చల్లన.
దాని కింద
అంచులు.
ముందు వేలికి తెలుస్తుంది, తర్వాతే మనకి.
వేలు తెగాక గానీ నమ్మకం కుదరదు.

టార్చి వేశాను.
పొగరంగు స్ఫటికాలు,
ఒకదాని భుజానికి ఒకటి ఒరిగి,
ఏదో మంతనాల మధ్య నేను తలుపు తోసినట్టు
చప్పున ఊరుకున్నాయి.
వాటి వెనక ఒకటి, మెలితిరిగి,
తడిబట్టను పిండుతూ పిండుతూ
ఎవరో పిలిస్తే వదిలేసి వెళ్లినట్టు.
అలాంటిది రెండుసార్లు చూశాను బతుకులో.
రెండుసార్లూ పరాయి అల్మరాలో, అద్దం అవతల.

దాని పక్కన ఊచ.

తుప్పెక్కిన ఇనప ఊచ, సందుకి అడ్డంగా.
పై రాతి మీద ఉలి గీత: వి. డె., డెబ్భై ఆరు.
విజేలి డెరాజిష్.
ఆ చలికాలమే రైలుపట్టాల మీద మంచు తోస్తుంటే
కొండచరియ మంచు అతన్నీ తోసుకుపోయింది.
తర్వాత మంచునది దిగివచ్చి ఈ తలుపు మూసింది,
ఇన్నాళ్లకి వెనక్కి తగ్గి
నాకు తెరిచింది.

ఇనుమున్న బొరియ ఇనుము వాడిది.
మా లోయలో అందరూ పాటించే మాట,
ఎన్నేళ్లు అన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు.
చూసేవాడు లేడు. మేకలు కూడా లేవు.
చెయ్యి బయటికి తీశాను.
కడుక్కున్నాను.
మళ్లీ ఓసారి టార్చి వేశాను, దాచడమెందుకు,
రెండుసార్లు వేశాను.
దిగాను.

బార్లా వంటింట్లో బఠానీలు ఒలుస్తోంది,
ఎనభై ఎనిమిదేళ్ల వేళ్లతో, నాకంటే వేగంగా.
చెప్పాను. ఇరవై రాళ్లు, మెలితిరిగింది ఒకటి,
బేరగాళ్లు దానికి కారు ఖరీదిస్తారు,
అన్నీ నీవే అని.

"ఊచ కొసన కొక్కెం ఉందా?"
ఉంది.
"పిడికి రాగితీగ చుట్టుందా?"
ఉంది.
బఠానీల గిన్నె పక్కకి జరిగింది.
"నా పొయ్యి ఊచ!
చూడనే లేదని మేరీమాత మీద ఒట్టేశాడే!
అప్పట్నుంచీ నిప్పులు గరిటెతో ఎగదోస్తున్నానే
అబద్ధాలకోరా!"
తిట్టు గుమ్మం వైపు విసిరింది.
అక్కడ ఎవరో బూట్ల మంచు
దులుపుకుంటున్నట్టు
నేనూ తిరిగి చూశాను.

"రాళ్లు నువ్వే ఉంచుకో, దుమ్మెవరు తుడుస్తారు.
ఊచ పట్రా."

వచ్చే ఆదివారం మూడు పేపర్లు పట్టాయి ఆ మెలికకి.
నా కమ్మీ అందలేదు,
అతని కొక్కెమే దాన్ని గోడనుంచి విడదీసింది.
కొస చిట్లింది, గోరంత.
కారు సైకిలైంది.
మా ఆయనకి అదే చెప్పాను, నవ్వాడు.
ఖాళీ అయిన చోట నా ఇనుము ఆనించి వచ్చాను,
ఇంకా లోతుంది.

బార్లా ఊచని కిటికీ వెలుగులో పట్టుకుని
ఒక కన్ను మూసి, కొసనుంచి పిడిదాకా చూసింది.
"వంచేశాడు," అంది.
పొయ్యి మూత తెరిచింది.