తరుగు

ఏసుపాదం మేస్త్రి తక్‌పట్టీ వెనక్కి తిప్పి
చెవి మీది పెన్సిలుతో లెక్క రాశాడు.
ముందువైపు ఎవరో రైతువి పదకొండు టిక్కీలు,
తేజ రకం, తేమ ఎక్కువ,
తరుగు పోను చేతికొచ్చింది ఇంత.
వెనకవైపు నా కారుకి ఇల్లు.

ఇటుక మూడు వేలు. సిమెంటు అరవై కట్టలు.
ఇసుక ఉచితమేనండీ, తోలకమే తొమ్మిది వేలు,
అన్నాడు నవ్వకుండా.
రేకులు, గొట్టాలు, షట్టరు, వెల్డింగు కుర్రాడి కూలి.
కింద గీత గీసి
లక్షా నలభై రెండు, అని
పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు
ఇంకేమీ పెరగదన్నట్టు.

కారు కొత్తదేం కాదు. రెండు లక్షల పదికి
నరసరావుపేట డాక్టరు గారి దగ్గర కొన్నది.
వచ్చిన వారానికే, వీధిలో ఉండగా,
ముందు తలుపు మీద ఎవరో మేకుతో గీశారు
ఇంత పొడుగు గీత.
ఆ గీత చుట్టూ కట్టిందే ఈ షెడ్డంతా.

పాతికేళ్ళుగా మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడ్డవాణ్ణి.
నాకొచ్చిన లెక్కంతా తగ్గే లెక్క.
తేమకింత, తాలుకింత, సంచి బరువుకింత,
రైతు మొహంలోంచి ఇంత.
అక్కడ ప్రతిదీ తరుగే.
ఇంటికొచ్చి పునాది తవ్విస్తే
ప్రతిదీ పెరుగే.

ఇంటికి ఆనించి కడితే ఒక గోడ కలిసొచ్చేది.
వాయవ్యంలో వెయ్యండి, ఇంటి గోడని మాత్రం ముట్టుకోకూడదు,
అన్నాడు సిద్ధాంతి ఫోనులోనే,
కాఫీ కూడా తాగకుండా.
ఆ ఒక్క మాట ఇరవై ఆరు వేలు.

ఏటుకూరు రోడ్డు నేల నల్లరేగడి.
వానకి ఉబ్బుతుంది, ఎండకి నోరు తెరుస్తుంది,
అచ్చం మీ పెద్దక్కలాగే, అంది సౌభాగ్యం.
గ్రావెల్ ఆరు ట్రాక్టర్లు. పట్టీలో లేని పద్దు.
మునగచెట్టు కొట్టినందుకు కూలి ఐదొందలు.
మునగచెట్టుకి పద్దే లేదు.
పక్కింటి మస్తానమ్మ గోడ మీంచి చూసి
మా పులుసు పోయింది కదయ్యా, అంది.

రేకులు పడ్డ సాయంత్రమే ముసురు పట్టింది.
ఇటుకలు అందించే కరుణ, మేస్త్రి కోడలు,
సంకలో నాలుగు నెలల పిల్లతో
క్రోసూరు బస్సు తప్పిపోయి
షట్టరు లేని షెడ్డులో ఆగిపోయింది.
ఇంట్లోకి రమ్మంటే రాలేదు.
ఇక్కడ బాగుందండీ, మేం కట్టిందేగా, అంది.
మిగిలిన చువ్వ వంచి పైగొట్టానికి తగిలించి
చీర కట్టింది.

రెండు రాత్రులు.
వరండాలో కూర్చుని విన్నాను:
రేకుల మీద వాన, దాని కింద చువ్వ కిర్రుకిర్రు,
ఆ రెంటి మధ్య నిద్రపుచ్చే గొంతు ఒకటి.
వీధిలో స్తంభం లైటు కింద కారు తడుస్తోంది.
దాని సంగతి
తెల్లారేదాకా నాకు గుర్తు రాలేదు.

మొత్తం రెండు లక్షల ఇరవై మూడు వేలు.
కారు కంటే దాని కొంప పదమూడు వేలు ఎక్కువ.
ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు
షెడ్డు సంగతి చెప్పలేదు.
లోపల పెట్టాక ఒకవైపు తలుపే తెరుచుకుంటుంది.
సౌభాగ్యం దిగాలంటే బయటే దిగాలి.
గీత పడ్డ తలుపు గోడవైపు ఉంది,
ఇప్పుడది ఎవరికీ కనపడదు.

షట్టరు బిగించిన కుర్రాడు పైకి చూసి
ఈ కొక్కెం కోసెయ్యనా సార్, అన్నాడు.
ఉండనీ, అన్నాను.
ఎందుకని అడగలేదు,
అడిగితే నా దగ్గరా ఏమీ లేదు.

ఐదున్నర కిలోలుంటుంది ఆ పిల్ల.
కాటా ఎక్కించక్కర్లేదు, చూపుతో చెప్పగలను.
ఈ షెడ్డు మోసిన మొదటి బరువు.
తరుగు తియ్యలేదు.