లేని చెయ్యి

నిడుజువ్వి గనిలో నాపబండ జారి
ఎడమచెయ్యి మోచేతికాడికి పోయి పదినెల్లు.
పోయింది పోయినట్టుండదు,
రాత్రయితే పిడికిలి బిగిస్తాది.
లేని గోర్లు లేని అరచేతిలో దిగబడతాయి.
"యాడ నొప్పి?" అంటాది ఖాసీంబీ.
దుప్పటి మీద ఖాళీ జాగా చూపిస్తా.

కడప పెద్దాసుపత్రిలో కసరత్తుల డాక్టరు, చిన్నపిల్ల,
మంగలంగడిది మాదిరి అద్దం బల్ల మీద నిలబెట్టె.
కుడిచెయ్యి ఇవతల, మొండి అవతల.
"అద్దంలోకే చూడు దస్తగిరన్నా,
రెండుచేతులూ మెల్లగా తెరువు."

తెరిస్తే ఎడమచెయ్యి!
ఐదు వేళ్లూ ఉండాయి.
కుడిబొటనేలి సుత్తిమచ్చ దాని మీద ఉండాది,
అదొక్కటే అబద్ధం.

"ఆ చేతికి మెదడింకా పని చెప్తానే ఉందన్నా.
బదులు రాకుంటే గట్టిగా అరుస్తాది.
కంటితో బదులియ్యి."

పొద్దున పదిహేను నిమిషాలు, మాపున పదిహేను.
ఖాసీంబీ రొట్టెలు తడతా ఓరగా చూసేది,
మొగుడు అద్దంతో మాట్లాడతాండాడని.
కొన్నాళ్లు ఏమీ లేదు. వానల్లో ఇంకా ఎక్కువైంది కూడా.

నిన్న రాత్రి, నడిజామున,
పిడికిలి దానంతటదే విడింది.
లేపి చెప్తి.
"ఏముండె అందులో?" అనె నిద్దరకండ్లతో.
"రవ్వంత రాతిపొడి" అంటి.
లేచి, దుప్పటి దులిపి,
మళ్లా పండుకునె.